మీరా హుస్సేన్ దూరం కిరాయి

వినుకొండ బస్టాండు పక్కన ఆరు కిరాయి కార్లు నిలబడేవి. ఆరింటిలోనూ మీరా హుస్సేన్ అంబాసిడర్‌కే గిరాకీ ఎక్కువ. కారు కొత్తదని కాదు. దాని వయసు ఆయన పెద్దకూతురి వయసుతో సమానం. మనిషి మర్యాదస్తుడని పేరు. బండి ఆపగానే తాను ముందు దిగి, వెనక కుడివైపు తలుపు తెరిచి పట్టుకుని నిలబడేవాడు. అత్తవారింటికి మొదటిసారి పోయిన అల్లుడికి కూడా ఇంత మర్యాద జరగదని జనం మురిసిపోయేవారు. ఆ తలుపుకి లోపలి పిడి విరిగి ఏడాదయిందనీ, బయటినుంచి తప్ప అది తెరుచుకోదనీ ఆయనకీ, ఆయన భార్య నసీమున్నీసాకీ మాత్రమే తెలుసు.

"కొత్త పిడి వేయించరాదా?" అని ఆమె అడిగితే, "వేయిస్తే నా మర్యాద పోతుందే" అని నవ్వేవాడు.

ఇరవై రెండేళ్ళుగా బండి నడుపుతున్నా ఆయనకి దూరం కిరాయి మీద మోజు తీరలేదు. దగ్గర కిరాయి పొట్టకి, దూరం కిరాయి ప్రాణానికి అనేవాడు. నరసరావుపేట దాటితే చాలు, మనిషి నిటారుగా కూర్చునేవాడు. చిలకలూరిపేట జిన్నింగు మిల్లుల దగ్గర రోడ్డు పక్క చెట్లకి దూది పట్టి, ఎండాకాలంలో మంచు కురిసినట్టుండేది. గుంటూరు ఇంకా నాలుగు మైళ్ళుందనగానే మిరపకాయ ఘాటు ముక్కుకి తగిలేది. ఒంగోలు వైపు పోతే పొగాకు కాల్చే బేరన్ల తియ్యటి వాసన. కళ్ళకి గంతలు కట్టినా ఎక్కడున్నామో వాసన పట్టి చెబుతానని పందెం కాసేవాడు. ఇంటికొచ్చాక నసీమున్నీసాని కూర్చోబెట్టి దారంతా మళ్ళీ మాటలతో నడిపించేవాడు. ఏ మలుపులో ఏం చూశాడో, ఏ హోటల్లో టీ పలచనయిందో, ఏ ఊళ్ళో కొత్తగా కల్వర్టు కట్టారో అన్నీ చెప్పేవాడు.

అలాంటి మనిషి, ఎనభై ఆరు మాఘమాసంలో జరిగిన ఒక సంగతి తర్వాత, ఊరి పొలిమేర దాటటం మానేశాడు.

ఆ రోజు మీరా హుస్సేన్, ముందే పెళ్ళికి వెళ్ళిన మిరపరైతు వెంకటనారాయణ తల్లి బసవమ్మనీ, భార్య శివపార్వతినీ నరసరావుపేటలో పెళ్ళికి తీసుకెళుతున్నాడు. ముందు సీటు నిండా అరిసెల డబ్బాలూ, పళ్ళ బుట్టలూ. ముహూర్తం దగ్గర పడింది. శావల్యాపురం దాటాక రోడ్డు మీద ఉలవకట్టె, కాయలతో పీకిన ఉలవ మొక్కలు, పరిచి ఉంది.

ఆ ప్రాంతంలో తారురోడ్డే కళ్ళం. పంట పీకి తెచ్చి రోడ్డు మీద పరిస్తే, వచ్చే పోయే బస్సులూ లారీలూ తొక్కి గింజ రాలుస్తాయి. ఎడ్లని తిప్పే పని తప్పుతుంది. రైతుకి అది సుఖం, డ్రైవరుకి గండం. తీగలు పైకి లేచి, బండి కింద తిరిగే షాఫ్టుకి చుట్టుకుంటాయి. చుట్టుకున్నది సైలెన్సరు గొట్టానికి ఒరుసుకుంటే నిప్పు పుడుతుంది. అందుకే కట్టె దాటిన ప్రతి డ్రైవరూ బండి ఆపి, వంగి చూసి, చుట్టుకున్నదాన్ని లాగి పారేసి గానీ కదలడు. మీరా హుస్సేన్ ఇరవై రెండేళ్ళలో ఆ పని తప్పలేదు. ఆ రోజు తప్పాడు. "తాళి కట్టేస్తారేమో" అని వెనకనుంచి శివపార్వతి అంటూనే ఉంది. తిరుగు ప్రయాణంలో చూసుకుందాంలే అనుకున్నాడు.

రెండు మైళ్ళు పోయాక మాడు వాసన. తర్వాత కాళ్ళ కింద పొగ. బండిని ఎడమవైపు అంచుకి లాగి ఆపాడు. ఆ పక్క తుమ్మకంప తలుపులకి ఒరుసుకుంది. ఆయన తన తలుపు తెరుచుకుని దూకాడు. దూకి పరిగెత్తాడు.

వెనక అద్దం మీద అరచేత్తో చరిచిన చప్పుడు వినపడేదాకా పరిగెడుతూనే ఉన్నాడు. బండిలో మనుషులున్నారన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. వెనక్కొచ్చి తలుపు లాగాడు. చేలోవాళ్ళు వచ్చి మట్టి చల్లి ఆర్పారు. కారులో కాళ్ళ కింది రబ్బరు పట్టాలు కాలాయి. మనుషులకి దగ్గు తప్ప ఏమీ కాలేదు. సమయానికి తలుపు తీసి తన తల్లినీ భార్యనీ కాపాడాడని వెంకటనారాయణ పెళ్ళివారందరి ముందూ పొగిడాడు. శివపార్వతి పమిటలో మొహం పెట్టుకుని దగ్గుతూ ఉంది కాబట్టి ఏమీ చూడలేదు. బసవమ్మ చూసింది. పొగలోంచి ఆయన వీపు దూరమవటం చూసింది. బయటికొచ్చాక ఒక్కసారి ఆయన మొహంలోకి చూసి, ఏమీ అనకుండా చెప్పులు వెతుక్కుంది.

మర్నాడే కొత్త పిడి వేయించాడు. కాలిన పట్టాలు మార్పించాడు. బండి బాగయింది. మనిషి బాగవలేదు. రోడ్డు మీద గుప్పెడు గడ్డి కనపడితే చాలు, అరచేతులు చెమట పట్టేవి. దూరం కిరాయి వస్తే, "షాఫ్టు శబ్దం చేస్తోందండీ" అని తప్పించుకునేవాడు. బస్టాండు నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి బస్టాండుకి, అంతే. ఎవరైనా పక్కన నిలబడి నవ్వితే, బసవమ్మ చెప్పేసిందేమో అనిపించేది. చివరికి బావమరిది మాటకి తలూపాడు. కారు అమ్మేసి అతని సైకిల్ షాపులో కూర్చోవాలని, శుక్రవారం నమాజు అయ్యాక కొనేవాడు వచ్చి బండి తీసుకుపోవాలని ఖాయమయింది. నసీమున్నీసా అది నిప్పు చూసిన భయమే అనుకుంది. పరిగెత్తిన సంగతి ఆయన ఆమెకి కూడా చెప్పలేదు.

సోమవారం సాయంత్రం బసవమ్మే స్వయంగా ఇంటికొచ్చింది. అరవై దాటిన మనిషి, ఎండలో మిరపకళ్ళాల్లో తిరిగి తిరిగి మొహం కూడా ఎండుమిరపకాయలా ముడుచుకుపోయింది. మంచం మీద కూర్చోమన్నా కూర్చోలేదు.

"సాయిబూ, ఎల్లుండి పొద్దున్నే వాడరేవు పోవాలి. సముద్రం చూసి చీకటి పడేలోగా రావాలి."

"బండి బాగాలేదండీ పెద్దమ్మగారూ."

"బాగానే ఉందని మెకానిక్కు చెప్పాడు. వాణ్ణి అడిగే వస్తున్నా."

"యలమందయ్య కారు ఉందండీ, కొత్తది. మెత్తటి సీట్లు."

"నాకు మెత్తదనం ఎందుకు? నువ్వే రావాలి."

ఎందుకు తననే రమ్మంటోందో ఆయనకి అర్థమయింది. దారిలో అడుగుతుంది, లేకపోతే తిరిగొచ్చాక అందరి ముందూ అంటుంది. ఇంకేదో సాకు వెతుకుతుంటే లోపలినుంచి నసీమున్నీసా అంది, "ఎలాగూ శుక్రవారం పరాయిదయ్యే బండి. ఒక్కసారి సముద్రం చూసి రానీయండి దాన్ని."

బుధవారం ఆరింటికల్లా బసవమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. చేతిలో పులిహోర గిన్నె, మరచెంబుతో మజ్జిగ. వెనకనే వెంకటనారాయణ.

"ఏ గుడికే అమ్మా అంటే చెప్పవేం?"

"ఏ గుడీ లేదు. రోడ్డు మీద పోయి రోడ్డు మీద వస్తా."

"ఊరికే ఎవరైనా పోతారా?"

"నీ మొక్కులకీ, నీ పెళ్ళిళ్ళకీ పోయి పోయి విసుగొచ్చిందిరా. ఒక్కసారి ఊరికే పోనీ."

వెంకటనారాయణ కిటికీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "నువ్వున్నావనే పంపిస్తున్నా మీరా హుస్సేనూ. ఇంకొకడయితే ఒప్పుకునేవాణ్ణి కాదు" అన్నాడు. మీరా హుస్సేన్ స్టీరింగు వైపే చూస్తూ తలూపాడు.

బసవమ్మ వెనక కుడివైపే కూర్చుంది. తలుపు వేసుకుని, లోపలి పిడి తిప్పి తెరిచింది. మళ్ళీ వేసుకుంది. మళ్ళీ తెరిచింది. మూడోసారి వేసుకున్నాక, "పద" అంది.

శావల్యాపురం దాటాక, తుమ్మకంప కాలి నల్లబడిన చోటు ఇంకా అలాగే ఉంది.

"ఇక్కడే కదూ."

"ఇక్కడేనండి."

అంతే. ఆమె ఇంకో మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది ఆయనకి. ఆ మాట కోసం వీపంతా చెవులు చేసుకుని నడిపాడు. నరసరావుపేట వచ్చేలోగా మూడుసార్లు బండి ఆపి, దిగి, కిందకి వంగి చూశాడు. మూడోసారి ఆమె కిటికీలోంచి తల బయటపెట్టింది.

"మళ్ళీ ఏంటయ్యా?"

"ఊరికే, చూద్దామనండి."

"కట్టె లేని రోడ్డు మీద కట్టె ఎక్కడినుంచి వస్తుంది? ఆకాశం నుంచి పడుతుందా?"

చిలకలూరిపేటలో టీ తాగారు. ఆ తర్వాత ఎప్పుడు మొదలయిందో తెలియదు గానీ, ఆమె అడగటం, ఆయన చెప్పటం మొదలయింది. చెట్లకి ఆ తెలుపేమిటంటే దూది అన్నాడు. దూరంగా నేలమీద ఎర్రదుప్పటి పరిచినట్టున్న మిరపకళ్ళంలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతుంటే, బండి వేగం తానే తగ్గించాడు. గాలి ఇటు తిరిగి ఆయనకి ఏడు తుమ్ములు వచ్చాయి.

"మీకు రాలేదేమండీ?"

"మిరపలో పుట్టి మిరపలో పెరిగాను. నాకు తుమ్ము రావాలంటే మల్లెపూలు కావాలి."

ఆయన నవ్వాడు. నెలరోజుల తర్వాత బండిలో నవ్వాడు. గాలి చల్లగా ఉంది, రోడ్డు తిన్నగా ఉంది, ఇంజను హాయిగా పలుకుతోంది. పర్చూరు ముందు ఫలానా వంపులో ఒక మైలురాయి తల విరిగి ఉంటుందని చెప్పాడు, అది అలాగే ఉంది. నాలుగు మైళ్ళ నుంచీ బండి అడుగు చప్పుడు వినటమే మరిచిపోయానని ఆయనకి అప్పుడు తట్టింది. తట్టగానే వేగం తగ్గించి, ఆ చప్పుడుకి చెవి ఒగ్గాడు.

పర్చూరు దాటి వంపు తిరిగితే, ఎదురుగా రోడ్డు లేదు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, రెండు ఫర్లాంగుల పొడవున మోకాలెత్తు మినపకట్టె.

బండి ఆగింది. తాను ఆపాడో అదే ఆగిందో ఆయనకి తెలియలేదు. అటూ ఇటూ పంటకాలవలు. వెనకనుంచి దూది బేళ్ళ లారీ వచ్చి ఆనుకుని నిలబడి హారను కొట్టింది. కట్టె తిరగేస్తున్న రైతులు పంగలకర్రలు పట్టుకుని చూస్తున్నారు. వాళ్ళలో ఒకడు, చెవిలో చుట్ట పెట్టుకున్నవాడు, దగ్గరికొచ్చాడు.

"ఏం డ్రైవరూ, అలా నిలబడ్డావు? తొక్కుకుంటూ పో."

"కాస్త దారి తియ్యండి."

"దారి తీస్తే నూర్పిడి ఎట్టా అవుద్ది? పొద్దున్నుంచీ మూడు బస్సులు పోయినయ్."

"ఓ బుల్లయ్యా," అవతలినుంచి ఇంకొకడు అరిచాడు, "కారుకి పెళ్ళిచూపులేమో, సిగ్గుపడతాంది."

అందరూ నవ్వారు. లారీ డ్రైవరు తల బయటపెట్టి, "ఒరేయ్, నిద్రపోయావా? నేను చీరాల పోవద్దూ?" అన్నాడు. హారను మళ్ళీ మోగింది, ఈసారి ఆపకుండా.

మీరా హుస్సేన్ గేరు మీద చెయ్యి వేశాడు. చెయ్యి కదలలేదు. ఈ రెండు ఫర్లాంగులూ దాటలేకపోతే శుక్రవారం దాకా ఆగే పని లేదు. తాళాలు ఈ బుల్లయ్య చేతికే ఇచ్చి బస్సెక్కవచ్చు. వెనక్కి తిరగకుండా అన్నాడు.

"దిగండి పెద్దమ్మగారూ. కాలవ గట్టు మీదుగా నడిచి ఆ చివరికి పోండి. ఖాళీ బండి తీసుకొస్తాను."

"నేనెందుకు దిగాలి?"

"మీరు లోపలుంటే నడపలేను."

"ఎందుకు నడపలేవు?"

హారను మోగుతూనే ఉంది. ఆ మోతలో చెబితే వినపడదేమో అన్న ఆశతో చెప్పాడు.

"ఆ రోజు మిమ్మల్ని బండిలో వదిలేసి పరిగెత్తాను. తలుపు తియ్యటానికి దిగలేదు నేను. పారిపోవటానికి దిగాను."

"తెలుసు."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

బసవమ్మ ముందు సీటు మీద చేతులానించి ముందుకి వంగింది. మాట ఆయన చెవి పక్కనే వినిపించింది.

"నువ్వు పరిగెత్తావు. నేను శివపార్వతిని తొక్కాను. ముందు సీట్లోకి పోదామని ఆ పిల్ల భుజం మీద కాలేశాను. అరిసెల డబ్బాలు అడ్డమొచ్చి ఆగాను గానీ లేకపోతే దాని తల తొక్కి పోయేదాన్నే. మూడో నెల దానికి. మా ఇంట్లో నాకూ, దానికీ, దాని మొగుడికీ తప్ప ఎవరికీ తెలియదు అప్పటికి. తెలిసే తొక్కాను."

ఆయన అద్దంలోకి చూశాడు. ఆమె మొహం కనపడలేదు, తెల్లజుట్టు మాత్రం కనపడింది.

"పొగలో ఎవరి కాలో దానికి తెలియలేదో, తెలిసే ఊరుకుందో. రోజూ అది వడ్డిస్తే తింటున్నాను. ముద్ద దిగటంలేదు. నేనూ ఆ రోజు నుంచీ ఎడ్లబండి కూడా ఎక్కలేదయ్యా. యలమందయ్య కారెక్కితే వాడు నన్ను గుండెగల ముసలిదనుకుంటాడు. నటించాలి. నీ దగ్గర ఆ బాధ లేదనుకున్నాను. ఇప్పుడు నడుపుతావా, ఇద్దరం దిగి వీళ్ళతో కట్టె తిరగేద్దామా?"

ఆయన క్లచ్చి తొక్కాడు. చెయ్యి కదిలింది. మొదటి గేరులో బండి కట్టెలోకి దిగింది.

తీగలు బండి అడుగుని గీరుతున్న చప్పుడు. వెయ్యి గోళ్ళు రేకుని గోకుతున్నట్టుంది. వేగం పెంచితే చుట్టుకుంటుంది, ఆపితే కూరుకుంటుంది. ఒకే నడక నడపాలి. బసవమ్మ ముందు సీటు పట్టుకున్న చేతులు తియ్యలేదు. సగం దూరం పోయాక చప్పుడు మారింది. గీరటం పోయి, కొట్టుకోవటం మొదలయింది. టపటపటప. చుట్టుకుందని ఇద్దరికీ తెలిసింది. ఇద్దరూ పైకి అనలేదు. కట్టె మధ్యలో ఆపితే, నిప్పు పుడితే, ఆ రెండు ఫర్లాంగులూ అంటుకుంటాయి. ఆయన ఆపలేదు. నుదుటి చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు.

తారు కనపడింది. కట్టె దాటి ఇరవై గజాలు ముందుకి పోయి ఆపాడు. మాడు వాసన వచ్చింది.

ఆయన దిగాడు. కాళ్ళు ఒక్కసారి రోడ్డు వైపు, ఖాళీగా ఉన్న రోడ్డు వైపు లాగాయి. వెనక తలుపు పట్టుకుని లాగాడు, అప్పటికే లోపలినుంచి ఆమె తెరిచింది. ఆమె దిగిందని చూసుకుని రోడ్డు మీద వెల్లకిలా పడుకుని బండి కిందకి దూరాడు. షాఫ్టుకి తలగడంత చుట్ట. గొట్టం తగిలే చోట సన్నటి పొగ దారంలా లేస్తోంది.

"దూరంగా పోండి పెద్దమ్మగారూ."

ఆమె పోలేదు. చీర దోపుకుని గొంతుక్కూర్చుంది. ఆయన పీకిన ప్రతి పిడికెడూ ఆమె అందుకుని అవతలికి విసిరేస్తోంది. ఆయన మణికట్టు గొట్టానికి తగిలి చుర్రుమంది. పీకాడు. పొగ కాస్త లావయింది. ఊపిరి బిగపట్టి లోపలి పొర వేళ్ళతో చింపాడు. మజ్జిగ చెంబు ఆమె ఎప్పుడు తెచ్చిందో తెలియదు, నల్లబడిన ముద్ద మీద కుమ్మరించింది. చుయ్యిమని చల్లారింది. అది ఆఖరి పొర.

బండి కిందనుంచి ఆయన బయటికొచ్చేసరికి బుల్లయ్య పంగలకర్రతో వచ్చి నిలబడి ఉన్నాడు.

"ఆ కట్టె అట్టా విసిరేస్తారేంది? గింజ ఉంది దాంట్లో. ఇటు కుప్ప మీదెయ్యండి."

"నీ గింజ కోసం నా బండి కాలేది" అన్నాడు మీరా హుస్సేన్.

"కాల్లేదుగా."

"మినుములు ఎక్కడెక్కడ పరచాలో నాకు నేర్పద్దు, నేనూ రైతునే" అంది బసవమ్మ. "వంపు తిరగ్గానే పరుస్తారా, వచ్చే బండికి కనిపించేంత ఖాళీ వదలకుండా? రేపటినుంచి వంపుకి అవతల ఒక మనిషిని నిలబెట్టు."

బుల్లయ్య చుట్ట చెవిలోంచి తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "అట్టాగే లేవే పెద్దమ్మా" అన్నాడు. లారీ వాళ్ళని దాటుకుంటూ పోయింది. దాని డ్రైవరు వాళ్ళకేసి చూడను కూడా చూడలేదు, కాస్త ముందు ఆపాడు, దిగాడు, వంగాడు, పీకాడు, ఎక్కిపోయాడు.

చీరాల దాటి వాడరేవు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఆరబెట్టిన చేపల వాసన ముందు వచ్చింది, తర్వాత సముద్రం. బసవమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని, పాదాలు తడిసేదాకా పోయి నిలబడింది. మీరా హుస్సేన్ కాలిన మణికట్టుని ఉప్పునీళ్ళలో ముంచి మంటకి పళ్ళు బిగించాడు. పులిహోర తిన్నారు. మజ్జిగ లేదు.

"ఇటునుంచి రోడ్డు ఎటు పోతుంది?"

"చీరాల పోయి కిందకి తిరిగితే ఒంగోలండి. ఒంగోలు తర్వాత నెల్లూరు, నెల్లూరు తర్వాత మద్రాసు."

"నువ్వు పోయావా మద్రాసు?"

"నాలుగుసార్లు. తడ దగ్గర రోడ్డుకి రెండుపక్కలా నీళ్ళే కనపడతాయండి. కొంగలు..." చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. శుక్రవారం గుర్తొచ్చింది.

తిరుగు ప్రయాణంలో బుల్లయ్య కట్టె దగ్గరికొచ్చేసరికి, అవతలి చివర వంపు దగ్గర అప్పటికే ఒక మనిషి తువ్వాలు ఊపుతూ నిలబడి ఉన్నాడు. మళ్ళీ తొక్కారు, మళ్ళీ ఆపి పీకారు. ఈసారి పొగ లేదు. అయినా ఆయన కిందకి దూరి రెండుసార్లు చూసుకున్నాడు. చిలకలూరిపేట దాటాక బసవమ్మ నిద్రపోయింది, నోరు తెరుచుకుని, గురకపెట్టి.

వినుకొండ కొండ కనపడ్డాక లేచింది.

"సాయిబూ, శుక్రవారం శివపార్వతిని మార్కాపురం పంపాలి, పుట్టింటికి. నేనూ పోతా దాంతో."

ఆయన అద్దంలో ఆమెని చూశాడు.

"ఆ కాలు ఎవరిదో దానికి చెప్పాలి. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు, నోరు పెగలదు. బండిలో అయితే అటు చూస్తూ చెప్పచ్చు. దానికి కోపమొచ్చినా దిగిపోవటానికి లేదు. యలమందయ్య ముందు చెప్పలేను."

శుక్రవారం. నమాజు అయ్యాక కొనేవాడు వస్తాడు. ఆయన ఆ మాట చెప్పటానికి నోరు తెరిచాడు. ఎదురుగా రోడ్డు పొద్దుగూకే ఎండలో కొండ కిందకి పోతోంది.

"మార్కాపురమంటే త్రిపురాంతకం మీదుగా పోవాలండి," అన్నాడు చివరికి. "ఆ దారి పొడుగునా ఇప్పుడు కంది పరిచి ఉంటారు. ఎన్నిచోట్ల ఆపాల్సొస్తుందో తెలియదు. పెందలాడే బయల్దేరదాం."

"ఎన్నింటికి?"

"అయిదింటికి గేటు దగ్గరుంటాను."